గురక

నాలుగేండ్ల కిందట
కొర్లగుంటలో మా మిద్దె మీద
తమ్ముడు చెంగల్రాయుడు గుర్రుగుర్రుమంటా ఉంటే
అలిసిపొయినాడులే అని
దుప్పటి కప్పింది నేనే.
తెల్లారి పైకి పోతే
కప్పిన దుప్పటి కప్పినట్టే ఉండాది.

అది గురక కాదంట.
ఊపిరి దోవ దొరక్క పెనుగులాడే చప్పుడంట.
పోయిన నెల, రేషన్ షాపు వరండాలో
రిటైరైన నర్సు జైబున్నిసా చెప్పింది.
నాలుగేండ్లు ఆలస్యంగా విన్నాను.

మైకు లేదు, బ్యానరు లేదు.
ఆటో యతిరాజులు పట్ట మీద పీనుగులా పండుకున్నాడు.
పిలకాయలు నవ్వినారు.
"నవ్వండి, చేతులు మాత్రం నేర్చుకోనీండి" అనిందామె.
పెదాలు నేరేడుపండు తిన్నట్టుంటే
పేరు పెట్టి పిలవండి,
రొమ్మెముక మీద పిడికిలితో రుద్దండి.
పలక్కపోతే బిన్నా 108కి ఫోన్ చెయ్యండి.
మజ్జిగ పొయ్యొద్దు, నిమ్మకాయ పిండొద్దు.
గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, మీ ఊపిరియ్యండి.
ఊపిరాడినాక పక్కకు తిప్పండి,
పాలు తాగిన బిడ్డను పండబెట్టినట్టు.

"మత్తునాయాళ్ళకి ఇదంతా యాల?
పోలీసులకు పట్టియ్యక" అన్నాడు డీలరు.
"పట్టియ్యాలన్నా బతికుండాల గదా సార్" అనింది,
యతిరాజులు తల కింద చెయ్యి తియ్యకుండానే.

పొయ్యేటప్పుడు ముక్కులో కొట్టే మందొకటి ఇచ్చింది.
నాలోక్సోన్. నాకు నాలుక తిరగదు,
లేపేమందు అంటాను.
ఇడ్లీబండిలో చిల్లర డబ్బా పక్కన పెట్టినాను,
పొయ్యి సెగ తగలకుండా.

మొన్న మూడున్నరకి, బస్టాండు వెనక,
కొండకు పొయ్యే మొదటి బస్సు ఇంకా కదల్లా.
బండి చక్రానికి ఆనుకోని ఎవరో పిలగాడు.
గురక.

గరిటె యాడ పడిందో తెలీదు.
యతిరాజులు ఫోన్ చేస్తా ఉండాడు,
నేను మందు కొట్టినాను, ఊపిరిచ్చినాను.
పేరు పెట్టి పిలవమనింది గదా, వాని పేరు తెలీదు.
చెంగల్రాయా అని పిలిచినాను.
చెంగల్రాయా, లెయ్‌రా.

లేచినాడు.
నా చీర మీద కక్కి
అమ్మనీ అక్కనీ కలిపి తిట్టినాడు.
అంత కమ్మని బూతు నా జన్మలో వినలా.
మందు దిగితే మత్తు మళ్ళా ముంచుతాదని
అంబులెన్సు వచ్చేదాకా వాని చొక్కా వదల్లా.
పైవాయి ఇడ్లీలు మాడిపొయినాయి.

ఇప్పుడు రాత్రిళ్ళు మా ఆయన గురక పెట్టినా
పిడికిలి దానంతటదే పోతాది రొమ్మెముక మీదకి.
"నిద్దర పోనియ్యవేందిమే" అని కసిరి
అటు తిరిగి పండుకుంటాడు.

పక్కకే.
సరిగ్గా నర్సమ్మ చూపించినట్టే.