చివరి స్టేజీలు

పదహారేళ్ళుగా నేను సముద్రం దాకా వెళ్ళి
వెనక్కి వచ్చేస్తున్నాను.
తుమ్మలపెంట, జువ్వలదిన్నె, రామాయపట్నం.
ప్రతి రూటూ ఇసక మొదలయ్యేచోట ఆగి
డ్రైవరు బీడీ కాల్చేంతసేపు నిలబడి
కావలి బోర్డు తిప్పుకుని బయల్దేరుతుంది.
ఒక చివరి స్టేజీ నుంచి పక్కనున్న చివరి స్టేజీకి
టికెట్ లేదు.
మిషన్లో ఆ నంబరే లేదు.

ఉప్పుటేరు అవతల కనపడుతుంటుంది
మస్తానమ్మ కూతురి వంటింటి పొగ.
అక్కడికి పోవాలంటే ఆమె
నా బస్సెక్కి కావలొచ్చి
హైవే మీద ఇంకో బస్సు, అల్లూరు, ఆటో,
మళ్ళీ అదే సముద్రం.
"చేపైతే ఎప్పుడో పోయుండేది గదమ్మా"
అంటుంది, చిల్లర లెక్కపెట్టుకుంటూ.

డిపో గ్యారేజీ గోడకి
రొయ్యల మేత కంపెనీ క్యాలెండరు.
అట్లాంటిక్ ఒడ్డున ఏదో రేవు.
తెల్ల ఓడ నోరు తెరిచి
మోటార్‌సైకిళ్ళని వరసగా మింగుతోంది.
మూడేళ్ళయినా ఆ నెల ఎవరూ తిప్పలేదు.
"మనకి ఓడలు యాడున్నయ్ మేడం?"
నా స్ప్లెండరు చైను బిగిస్తూ హజరత్తయ్య.
ఏళ్ళున్నాయిగా, అన్నాను.

పాత ఎస్సార్ షీటు వెనక, కార్బన్ మరకల మీద
పెన్సిల్ గీత:
కొత్తపట్నం నుంచి పులికాట్ దాకా.
గీత తెగేచోటల్లా ఒక పేరు.
మూసి. పాలేరు. మన్నేరు. ఉప్పుటేరు. పెన్న.
తెగినచోటల్లా ఒక పడవ.
హైవే మీద పూటలో ఐపోయే దూరానికి
పంతొమ్మిది రోజులు వేశాను.
రెండు ట్యూబులు, క్లచ్ వైరు, ప్లగ్గు,
పది-పన్నెండు స్పానరు, సీసాలో చింతకాయ పచ్చడి.
ఉప్పుగాలికి చైను తుప్పు పడుతుంది,
రోజూ పొద్దుగూకాక మంచినీళ్ళతో కడగాలి.
నేను స్నానం చేసినా చెయ్యకపోయినా.

ఊటుకూరు జాలయ్య ఫోన్లో చెప్పాడు:
"ముందు చక్రం ఊడదీసి, రెండు వెదుళ్ళేసి
బోటులో పడుకోబెడతా.
ట్యాంకు ఖాళీ చేసుకో, కారిపోద్ది.
నీకు చార్జీ వద్దులే. బండికి మూడొందలు."
నవ్వొచ్చింది.
చేపల గంపలకి లగేజీ కొట్టిన చెయ్యి నాది.

"మేలో పోరాదా" అన్నాడు మళ్ళీ.
"మొగలన్నీ పూడిపోయుంటై,
బోటెందుకు, ఇసక మీద తోసుకుపోవచ్చు."
నిజమే. చవక కూడా.
రెండు రాత్రులు ఆలోచించాను.

వద్దు. జనవరిలోనే పోతాను,
వానలు పోయి, మొగలింకా తెరిచున్నప్పుడు.
నడిరోడ్డు మీద చెయ్యెత్తిన ప్రతివాడి కోసం
బెల్లు కొట్టి బస్సాపాను.
ఆపకుండా పోయిన రోజులూ ఉన్నాయి,
ఆ మొహాలు కూడా గుర్తే.
ఒక్కసారి నేను గట్టు మీద నిలబడి
చెయ్యెత్తాలి.
అవతల వల సర్దుకునే మనిషి
తలెత్తి చూస్తాడో లేదో
తెలియకుండా కాసేపు నిలబడాలి.

సెలవు కాగితంలో కారణం గడి ఉంది.
ఆరోగ్యం అని రాసి కొట్టేశాను.
ఇంటి పని అని రాసి కొట్టేశాను.
మేనేజరు చదివి ఏమంటాడో గానీ
ఇప్పటికి "పడవలు" అని ఉంది.

ఇంకొక్కటి తేలలేదు.
కండలేరు.
అక్కడ నిజం ఓడలే ఉన్నాయి,
బొగ్గుతో వచ్చేవి, నా బండి వంక చూడనివి.
పక్కన చిన్న పడవ ఎవరికుందో
ఎవర్నడిగినా ఇంకెవరి పేరో చెబుతున్నారు.
షీటు మీద ఆ చోట
చుక్కలు పెట్టి వదిలేశాను.
అక్కడికెళ్ళాక
అడుగుతాను.