బ్రేకు ఇన్‌స్పెక్టరు మా ఇల్లు నడిపిన రోజు

ఇంట్లోనే ఉండండని మైకు అరుచుకుంటా పోయింది.
ఉండాం సామీ, ఇంట్లోనే ఉండాం.
మా ఇంటికి ఆరు చక్రాలు.
పైన నీలం రంగు, గోటితో గీరితే కింద
ఏదో కాన్వెంటు బస్సు పసుపు.

కానిస్టేబులు లాఠీతో రేకు మీద కొట్టి
"బండి తియ్యండి, ఇంటికి పోండి" అన్నాడు.
జిలానీ మాట్లాడకుండా వెనక తలుపు తీశాడు.
మడత మంచం, గ్యాసు పొయ్యి,
పెయింటు డబ్బాలో పుదీనా,
గోతాల నిండా ఉదయగిరి గంటెలు,
నర్ది చెక్కవి, పాలబరికివి,
తిరణాళ్ళకని చెక్కించినవి.
ఆ ఏడు తిరణాళ్ళే లేవు.
లాఠీ కాసేపు గాల్లోనే ఆలోచించింది.
"సరే, రోడ్డు దిగి చావండి."

దిగాం. మద్దూరుపాడు దాటినాక, తుమ్మల నీడన.

అప్పుడు చూసుకున్నాం కాగితం.
బండి ఫిట్‌నెస్ ఏప్రిల్ తొమ్మిదితో సరి.
పదో తేదీ పొద్దున నేను టీ పెడతా ఉంటే
జిలానీ స్టీరింగు ముందు కూర్చోనుండాడు,
తాళం తిప్పకుండా, ఊరికే.
కదిల్తే బండి. కదలకపోతే ఇల్లు.
బండికి కాగితం కావాల,
ఇంటికి అక్కర్లా.
"మరైతే ఇల్లే" అన్నా నేను.
నవ్వలేదు మనిషి.

జెరాక్సు కొట్టు ఖలీలు ఫోన్ చేశాడు:
"గడువు పెంచారంట వదినా, జూను దాకా."
జూనులో మళ్ళీ చేశాడు: "సెప్టెంబరు దాకా."
కాగితానికి ఆయుష్షు పెరగడం ఎంత సుళువో!
టైర్లకి ఆ సంగతి ఎవురూ చెప్పలా.
ఇసకలోకి దిగతా పోయినాయి.
హారన్లో కందిరీగలు మట్టిల్లు కట్టుకున్నాయి.
వైపరు రబ్బరు ఎండకి పెళుసెక్కి
అప్పడం మాదిరి విరిగింది.

ఆగస్టులో ఆఫీసు తెరిచారని విని
పోదాం అన్నాడు.
"గడువుంది గదా, ఎందుకు?"
"కాగితం ఒప్పుకుంటది గౌసియా,
బ్రేకు ఒప్పుకోవాల గదా.
ఎదురుగా వచ్చేవాడికి కాగితం చూపించి ఆపుతామా?"

నిమిషం లెక్కన పిలిచారు మమ్మల్ని,
పదకొండూ నలభైకి, కావలి మైదానంలో.
ముందు మా నుదుటికి తుపాకీ లాంటిది పెట్టారు.
తొంభై ఏడు, తొంభై ఎనిమిది.
మేం పాసు.
తర్వాత బండి వంతు.

రూలేందంటే లోపల మేం ఉండకూడదు.
అద్దాలన్నీ దించాల, స్టీరింగు తుడవాల,
తాళంచెవి స్టూలు మీద పెట్టి ఆరడుగులు వెనక్కి జరగాల.
బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎక్కాడు,
మాస్కూ, దాని మీద ఇంకో అద్దం,
మనిషెట్లుంటాడో తెలీదు.
మా ఇల్లు ఆయనతో పాటు వెళ్ళిపోయింది.

పదకొండేళ్ళలో ఎప్పుడూ చూడలా నేను,
అది పోతుంటే ఎట్లుంటదో.
ఎప్పుడూ లోపలే ఉంటిని గదా.
కొంచెం ఎడమకి వొంగి నడస్తది.
కిటికీ పరదా బయటికొచ్చి ఊగతా ఉంది.
పిన్నీసు పెట్టడం మర్చిపోయినా.
నా పాత చీర ముక్కే అది,
మైదానమంతా చూసింది, సిగ్గేసింది.
అట్టకొసన మలుపు తిరిగి కనపడకుండా పోయినప్పుడు
నా చేతిలో ఏముందని చూసుకున్నా.
చెప్పులు. ఎందుకు విప్పినానో తెలీదు.

మళ్ళీ వచ్చింది, వేగంగా,
సున్నం గీత దగ్గర గట్టిగా ఆగింది.
లోపల గోతాలు జారి
వెయ్యి గంటెలు ఒక్కసారి మోగినాయి.
స్టీలైతే గోల. చెక్క గదా,
వడ్లు కల్లంలో పోసినట్టు,
మెత్తగా, చానాసేపు.

ఆయన దిగి, చేతులకి మందు రుద్దుకుంటా
"ఏందమ్మా లోపల?" అన్నాడు.
"గంటెలు సార్."
అట్టకి తగిలించిన కాగితం మీద ఏదో గీకినాడు.
హారన్ లేదు, మళ్ళీ రావాల.
వైపరు మార్చాల. లైట్లు బానే ఉండాయి.
"బ్రేకు కొడితే కుడిపక్కకి లాగతా ఉంది.
ఏం, ఒక పక్కే బరువు పెట్టారా?"

జిలానీ నా వైపు చూశాడు.
ఐదు నెలలుగా ఆ పక్క పడుకునేది నేనే.
"బియ్యం మూట సార్" అన్నాడు.

ఆయన పోతా పోతా ఆగి
పప్పు గంటె ఎంతని అడిగాడు.
నలభై, ముప్పై కియ్యండి అన్నా.
స్టూలు మీద పెట్టి ఆరడుగులు జరిగినా.
నోట్లు పెట్టి ఆయన జరిగాడు.
మార్చి నుంచి అదే మొదటి బోణీ.

కందిరీగల సంగతి రేపు చూడాల.