గీజరు నీళ్ళు

వఫ్రాలో రోహిణి కార్తె ఎప్పుడని అడక్కూడదు.
కార్తెలకు వీసా దొరకలేదు.
ఇక్కడుండేది ఒకటే అంకె: యాభై ఒకటి.
రేకుల షెడ్డు మీద పిచ్చిక వాలి
వాలినట్టే లేచిపోతుంది.

రాత్రి రెండింటికి పాలు పిండుతాం.
షొఫీకుల్ మిషను తగిలిస్తాడు, నేను పొదుగు తుడుస్తాను.
మార్చిలో ఇరవై రెండు లీటర్లిచ్చిన నూట పదిహేడు
ఇప్పుడు పదకొండు.
"పాలెక్కడికి పోతున్నాయి బంజల్?"
నా పేరు పెంచలయ్య. బూ మిషారీ నోట 'ప' పలకదు.
ఊపిరిలోకి పోతున్నాయి బాబా,
డొక్క మీద చెయ్యి పెట్టి లెక్కబెట్టు.
నిమిషానికి అరవై దాటితే ఫ్యాను చాలదు,
ఎనభై దాటితే మేత ముట్టదు,
తొంభై దాటితే,
అనేలోపే ఆయన చెయ్యి తీసేశాడు.

నూట పదిహేడుని నేను బొల్లి అని పిలుస్తాను.
పంతొమ్మిదీ బొల్లావులే,
అయినా ఆ మాటకు తలెత్తేది అదొక్కటే.

పదకొండు నుంచి నాలుగు దాకా
ఎండలో పని చేయించరాదని
సర్కారు కాగితం గేటుకు అంటించి ఉంది.
ఆవులకు చదువు రాదు.

ఆ మంగళవారం పన్నెండున్నరకు
ఆరు పెద్ద ఫ్యాన్లూ ఒక్కసారే ఆగాయి.
ఏడేళ్ళలో మొదటిసారి
మా షెడ్డు చప్పుడు నాకు వినపడింది.
పంతొమ్మిది కొలిమి తిత్తులు.

జనరేటరు రెండుసార్లు దగ్గి, పొగ కక్కి, ఊరుకుంది.
పాల ట్యాంకు ముల్లు నాలుగు నుంచి ఏడుకు, ఏడు నుంచి పదకొండుకు.
తొట్లో నీళ్ళు ముట్టుకుని
బొల్లి మూతి వెనక్కి లాక్కుంది.

ఎండాకాలం ఇక్కడ నీళ్ళు తిరగబడతాయి.
చన్నీళ్ళ పంపు తిప్పితే చెయ్యి పొక్కుతుంది,
మిద్దె మీద ట్యాంకు కాగుతుంది కదా.
ఆర్పేసిన గీజర్లో, ఇంటి నీడలో
నిలవున్నవే చన్నీళ్ళు.

అది గుర్తొచ్చింది ఉమ్మ్ మిషారీకి.
పేడ వాసన గడప తొక్కనియ్యని మనిషి
అబాయా చేతులు మోచేతిదాకా మడిచి
బిర్యానీ దేక్సాతో వచ్చింది.
వెనకాల మనవరాలు దానా,
సముద్రం దగ్గర ఇసుక తోడుకునే ఎర్ర బకెట్టుతో.
స్నానాల గదులు అయిదు, గీజర్లు అయిదు.
అన్నీ కలిపినా మూడొందల లీటర్లు లేవు.

ఏది ముందు?
ఎక్కువ పాలిచ్చేవాటిని వేలితో చూపిస్తున్నాడు బూ మిషారీ.
ఆమెకు లెక్కలు తెలియవు.
గేటు పక్కనే నాలుక వేలాడేసి నిలబడ్డ
ఒట్టిపోయిన ముసలిదాని నెత్తిన
మొదటి దేక్సా కుమ్మరించింది.
గురువారం దాన్ని అమ్మేయాలి. బేరం కూడా అయిపోయింది.
ఎవరం ఏమీ అనలేదు.
మిగిలినవాటికి తడి గోనెలు కప్పుకుంటూ పోయాం,
అవి కప్పినంతసేపు పట్టలేదు ఆరడానికి.

కరెంటు అయిదింటికి వచ్చింది.
బొల్లి నాలుగూ నలభైకి పోయింది.

రెండొందల లీటర్ల పాలు వాల్వు విప్పి వదిలేశాం.
తెల్లటి కాలవ పది అడుగులు కూడా నడవలేదు,
ఇసుక తాగేసింది.
దానా చెప్పులు తడిశాయని ఏడ్చింది.
ఆ రాత్రి ఇంట్లో ఎవరూ స్నానం చెయ్యలేదు.
తాగే నీళ్ళ సీసా విప్పి వజూ చేసుకున్నాడు పెద్దాయన.
లేవబోతే జేబులోంచి పచ్చ చెవిబిళ్ళ పడింది, నూట పదిహేడు.
నాకు కనపడనట్టు తీసుకున్నాడు.
నేను చూడనట్టు కూర్చున్నాను.

"సుహైల్ పొడిస్తే చల్లబడుతుంది,
ఇంకా నలభై రోజులు" అన్నాడు దక్షిణానికి తిరిగి.
మేము ఆ చుక్కను అగస్త్యుడంటాం బాబా,
సముద్రాన్ని తాగేసినవాడు.
"అంత దాహమా?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

రెండింటికి మిషను ఆన్ చేశాం.
బొల్లి నిలబడే చోట
ఒట్టిపోయిన ముసలిది వచ్చి నిలబడింది.
తోలాలి. తోలలేదు.
డొక్క మీద చెయ్యి పెట్టాను.
యాభై ఎనిమిది.
తప్పేమోనని మళ్ళీ మొదలుపెట్టాను.