మస్తాన్‌బీ ముక్క

ముందు చేతులు.
కొబ్బరినూనె రాసి, శెనగపిండితో రుద్ది,
పుల్లమజ్జిగలో ముంచుకుని కూర్చుంటాను
పెళ్లికూతుర్లా.
సంక్రాంతి వెళ్లిన దగ్గర్నించీ తేజ కాయల తొడిమలు తుంచిన వేళ్లు,
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ మొత్తం
గోళ్ల సందుల్లోనే ఉంది.
ఈ చేత్తో కన్ను నలుపుకుంటే
ఆ పూటకి ఏడవడానికి వేరే కారణం అక్కర్లేదు.

ఈ చేత్తోనే ఇప్పుడు బొంత కుట్టాలి.
మూరన్నర పొడవు, మూర వెడల్పు.
సలోమికి పిల్ల పుట్టింది,
ఎనిమిదో నెల్లోనే, రెండు కిలోలు లేదు.
పెద్దాసుపత్రి గాజుపెట్టెలో పదహారు రోజులుండి
మొన్న బయటికొచ్చింది.

కొత్తగుడ్డ గరుకు, పసిదానికి పనికిరాదు.
నలిగి నలిగి నీళ్లయిపోయిన పాతచీరే కావాలి.
మా వరసలో పదకొండు మందిమి, తలా ఒక ముక్క.
దేవకుమారి చిలకపచ్చ వాయిలు తెచ్చింది.
తిరపతమ్మ మొగుడి లుంగీ చింపుకొచ్చింది,
"అడిగితే ఎలకలు కొట్టాయంటాలే" అంది.
మస్తాన్‌బీది పసుపు మీద నల్లచుక్కలు.
"నలుగురు మగపిల్లలు ఈ కొంగు కిందే పాలు తాగారు,
మధ్యలో వెయ్యి నాది, కనపడాల."

మూడుసార్లు ఉతికాను.
మూడో నీళ్లకి కూడా తుమ్మొచ్చింది.
ఆరాక ఒక్కో ముక్కా కంటిరెప్ప మీద వేసుకుని
వంద లెక్కపెట్టాను.
ఒంట్లో నాకు మిగిలిన పసితోలు అదొక్కటే.

పది ముక్కలు చల్లగా ఉన్నాయి.
పదకొండోది
ముప్పై దగ్గరే చురుక్కుమంది.
మళ్లీ ఉతికాను. ఎండలో ఒకరోజు, మంచులో ఒకరాత్రి.
ఈసారి యాభై దాకా ఆగింది, అంతే.
ఇరవయ్యేళ్లు ముక్కుకి చుట్టుకున్న చీర,
టిక్కీలు విప్పినప్పుడల్లా ఆ ఘాటు ముందు తను తాగి
తర్వాత ఆమెకి ఊపిరిచ్చిన చీర.
సబ్బు ఏం చేస్తుంది!

మిషను లాలాపేటలో సెకండ్‌హ్యాండ్‌కి కొన్నది.
మెడ మీది బంగారు అక్షరాల్లో ఒక సున్నా మిగిలింది.
బొంత కుట్టడమంటే దానికి కోపం.
పైపొర ముందుకు పరిగెత్తుద్ది, కిందిది వెనకాడుద్ది,
టాకాలు వేసినా, గుండుసూదులు పెట్టినా
నడుమ ఎక్కడో ఒక ముడత లేస్తుంది.
పద్దెనిమిదో నంబరు సూది ఒకటి విరిగింది.
కింద బాబిన్‌లో దారం అయిపోయింది చూసుకోక
నాలుగు వరసలు ఉత్తుత్తినే తొక్కాను.
లైటుకి ఎత్తి చూస్తే
చుక్కలు చుక్కలుగా కన్నాలు,
వాటిల్లోంచి సంగడిగుంట వీధిదీపం.

అప్పుడు తట్టింది.
పైపొర విప్పి, పసుపుముక్కని నాలుగు మడతలేసి
అన్ని పొరలకీ లోపల,
పిల్లకి ఎటునించీ తగలని చోట పెట్టాను.
మళ్లీ కుట్టాను.
అక్కడికొచ్చేసరికి మిషను మూలిగింది,
చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో పోటూ దాటించాను.

సలోమి ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు
మస్తాన్‌బీ బొంత అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"నాదేదే?"
దాని చూపుడువేలు పట్టుకుని
నడిమధ్యన నొక్కించాను.
బెత్తెడు మేర, మందంగా, దిండులా.

వేలు అక్కడే ఉంచి
నా మొహంలోకి చూసింది.
ఎర్రగా ఉన్న ఎడమకన్ను దగ్గర ఆగింది.
"ఎన్నిసార్లు ఉతికావు?"
"ఐదు."
ఇంకేం అడగలేదు.
చేతులు కొంగుకి తుడుచుకోబోయి
ఏదో గుర్తొచ్చి, కొంగు వదిలేసి,
రెండు చేతులూ వెనక్కి కట్టుకుని
వంగి చూసింది, చాలాసేపు.

పిల్ల తల సరిగ్గా ఆ మందం మీదే ఉంది.
తుమ్మలేదు.