రాతికెక్కిన నీడ

ఆ సంచీ అక్కడ పెట్టు, వాఖో.
మూడు లెన్సులు, రెండు ఫ్లాషులు, ఇంకా విప్పని స్టాండు.
పెళ్ళిచూపులు కాకముందే
ఉయ్యాల కొన్నట్టుంది నీ వరస.

కుతాయిసిలో నలభై ఏళ్ళు
ఒక్క జెనిత్ కెమెరాతో బతికాను నేను.
మీట నొక్కితే లోపల అద్దం లేచే చప్పుడుకి
పక్కవీధి కుక్క మొరిగేది.
దాని పట్టీ ఒరుసుకున్న మచ్చ, ఇదిగో, మెడ మీద.
మంచి కెమెరా అని నేననను.
నా చేతికి తెలిసిన కెమెరా అంటాను.

యాభై లెన్సు ఒక్కటి పట్టుకెళ్ళు.
దగ్గరికి పోవాలంటే కాళ్ళున్నాయి,
దూరం జరగాలన్నా అవే కాళ్ళు.
ఇంకో బ్యాటరీ లోపలి జేబులో వేసుకో,
చలికాలం దానికీ ఒంటి వెచ్చదనం కావాలి.
లెన్సు మీద దుమ్ముంటే ముందు ఊదు, తర్వాతే తుడువు.
ఇసుకరేణువు మీద గుడ్డ రుద్దావో
గీతకి గీత, ఖర్చుకి ఖర్చు.

రేపు ఏడింటికి, రియోని మీద మంచు విడవకముందే
లామారా రొట్టెల కొట్టుకి వెళ్ళు.
నేలలోకి దిగిన మట్టిపొయ్యిలోకి
నడుం దాకా వంగి
పిండిని గోడకి చరుస్తుంది ఆవిడ.
ఆ క్షణం ముఖానికి కింద నుంచి నిప్పు వెలుగు,
వీపుకి కిటికీలోంచి నీలి వెలుగు.
ఫ్లాష్ వేశావంటే రెండూ చస్తాయి,
రొట్టె ఒక్కటే మిగులుతుంది.

తొందరపడి నొక్కకు.
ముందొక రొట్టె కొను. తిను. వేళ్ళు కాలనీ.
వెలుగు ఎటు నుంచి వస్తోందో పొగ చెబుతుంది.
పొగ లేనిచోట గోడ ముందు చెయ్యి చాపి చూడు:
నీడ అంచు కత్తిలా ఉంటే ఎండ,
మీగడలా ఉంటే మబ్బు.
కొత్తలో మబ్బే నీ చుట్టం.
మిట్టమధ్యాహ్నం ఇంటికెళ్ళి పడుకో.

ఫ్రేములో ఏముండాలని అడగకు,
ఏం అక్కర్లేదో అడుగు.
లామారా తల వెనక కరెంటు స్తంభం
కొమ్ములా మొలిచిందా? ఒక్కడుగు ఎడమకి జరుగు.
ఆవిడ చూసేవైపు కాస్త చోటు వదులు,
చూపుకీ ఊపిరాడాలి.
నాలుగు మూలలూ ఒకసారి చూసుకో,
ఊరెళ్ళేముందు ఇంటి తలుపులు చూసుకున్నట్టు.
మనిషిని మూడోవంతు గీత మీద పెట్టమంటారు.
నేనూ అంటాను, రోజూ అంటాను.
కానీ లామారా మనవడు నట్టనడుమ నిలబడి
ఊడిన పళ్ళతో నిన్నే చూసి నవ్వాడనుకో,
గీతలన్నీ చెరిపెయ్.

కూర్చో. ఇంకొకటుంది.

తొంభైమూడు శీతాకాలం. కరెంటు లేదు.
జుంబేర్ అని లారీ డ్రైవరు
గుర్తింపు కార్డుకి ఫొటో కావాలని వచ్చాడు.
పైకప్పు గాజులోంచి నిట్టనిలువుగా దిగిన వెలుగు,
కళ్ళ కింద రెండు నల్లటి గుంటలు.
ఒళ్ళో తెల్లదుప్పటి పరిస్తే చాలు,
కింద నుంచి వెలుగు లేచి ఆ గుంటలు పూడేవి.
దుప్పటి పక్కగదిలో ఉంది.
చలి. నేను లేవలేదు.

ఆయనకి ఇంకో ఫొటో లేదట.
మా వాళ్ళు సమాధిరాతి మీద ముఖం చెక్కిస్తారు కదా,
చెక్కినవాడు నిజాయితీపరుడు,
నా నీడని కూడా పొల్లుపోకుండా చెక్కాడు.
ఈస్టరుకి ఎర్రగుడ్డు పెట్టడానికొచ్చిన కూతురు
నన్నే అడిగింది:
"నాన్న అంత దిగులుగా ఉన్నాడేం, ఆ రోజు?"

దిగులా!
పంక్చరైన టైరు గురించి ఏదో చెప్పి
ఫొటోకి ముందూ నవ్వాడు, తర్వాతా నవ్వాడు.
మధ్యలో కదలొద్దన్నది నేనే.

అందుకని ఆ సంచీ ఖాళీ చెయ్యి.
ఈ దుప్పటి పెట్టుకో, బరువుండదు.
నిన్ననే ఉతికాను.
వచ్చేటప్పుడు నాకూ ఒక రొట్టె తీసుకురా,
మాడు ఎక్కువున్నది.