అడ్డు తొలగింది

సాల్మీ రోడ్డు మీద ఒంటెల కంచె దాటాక
చెట్టు లేదు, గుట్ట లేదు, చాటు లేదు.
వ్యాను నెత్తిన నాలుగు యాంటెన్నాలు.
ఎదురుగా టవరు, సూదంత.
ఫోనులో సిగ్నలు నిండుకుండ.
"సంబరపడకు" అంది సల్వా, మా సూడాన్ ఇంజనీరు,
"నాలుగు చెవులకీ ఒకే మాట పడుతోంది చూడు."
నిజమే.
ఒక్క దారిన వచ్చింది
ఎన్ని చెవుల్లో పడ్డా ఒక్క మాటే.

అబ్బాసియాలో అట్లా కాదు.
అక్కడ అల నేరుగా నడవలేదు.
ఏసీ డబ్బాకు తగిలి, బకాలా షట్టరుకు తగిలి,
మిద్దెల మీది డిష్ గొడుగులకు, ఎవరిదో కారు అద్దానికి
తల కొట్టుకుని, చీలి,
తలా ఒక వేళకు చేరుతుంది.
బలం సగానికి సగం పోయి ఉంటుంది.
అయినా నాలుగు చెవులూ నాలుగు రకాలుగా వింటాయి.
ఓపిగ్గా విడదీసుకుంటే
ఒకే గాలిలో నాలుగు కాలవలు.

మొన్నొక ఫిర్యాదు.
మూడో వీధి, నాలుగో అంతస్తు,
కుట్టు మిషను పెట్టుకున్న ఖాసింబీ:
"బేస్తవారం నుంచి ఫోనులో బొమ్మ
బిగుసుకుపోతా ఉంది నాయనా,
డబ్బులు సక్రమంగానే కడతా ఉండానే."

టవరు ఎక్కి చూశాను.
తీగ బాగుంది.
యాంటెన్నా ఒక్క డిగ్రీ కూడా తిరగలేదు.
ఆమె బాల్కనీలో నిలబడితే తెలిసింది,
ఎదురుండే మూడంతస్తుల పాత ఇల్లు లేదు.
ఇటుకపొడి, వంగిన కమ్మీలు,
పగలని పింగాణీ సింకు ఒకటి.

ఆ గోడను ఎవరూ పనిలో పెట్టలేదు.
జీతం లేదు, అకామా లేదు.
పెచ్చులూడిన మొహంతో ఇన్నేళ్లూ
దారిన పోయే అలను మళ్లించి
ఈ కిటికీలోకి పంపేది.

"గోడ పోయిందమ్మా" అన్నాను.
"నా ఫోనుకూ ఆ గోడకూ ఏం చుట్టరికం?"
చెప్పబోయి, మాట దొరక్క
ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను.
అప్పుడే నీళ్ల ట్యాంకరొకటి
ఖాళీ జాగాలోకి వెనక్కి వచ్చి ఆగింది.
తెర మీద రెండు మూడయింది.
ఖాసింబీ తెరను చూసింది,
ట్యాంకరును చూసింది.
"వాణ్ని దినామూ ఈడే పెట్టుకోమని చెప్పరాదా."

ఇరవై నిమిషాలున్నాడు.
పైపు చుట్టుకుని పోయాడు.
మూడు మళ్లీ రెండు.

రిపోర్టులో, సమస్యకు కారణం అనే గడిలో
"అడ్డు తొలగింది" అని రాశాను.
తప్పు రాశానని
ఆఫీసువాళ్లు వెనక్కి పంపారు.