తడబడనిది

డిపోలో తాళాలు అప్పజెప్పి
తొడుగులైనా తీయకుండా కంప్యూటర్ల అంగడికి వచ్చాను.
ఉలాన్‌బాతర్‌లో సున్నాకి ముప్పై కిందున్న సాయంత్రం.
లోపల అడుగు పెట్టగానే రెప్పల మీది మంచు
కరిగి చెంపల మీదికి కారింది.
కొట్టువాడు కంగారుపడ్డాడు పాపం,
"నేనింకా ధర చెప్పనేలేదు కదక్కా!"

మా అమ్మాయికి, పద్నాలుగేళ్లు,
చదువుకోడానికి, అన్నాను.
చదువు అనే మాట నేనెంత గట్టిగా పలికానో
అతనంత మెల్లగా నవ్వాడు.
"ఏం ఆడుతుంది?"

దాని బూటు సైజు తెలుసు.
ఏ పన్ను ఎప్పుడు ఊడిందో తెలుసు.
ఏది దొంగదగ్గో తెలుసు.
ఇది తెలియదు.

గన్‌సుఖ్ బల్ల మీద ఒక్కొక్కటీ పరిచాడు.
తిరనాళ్లలా వెలిగే గాజు డబ్బా,
మూడు పంకాల కార్డు,
పదహారా, ముప్పై రెండా అంటూ
జ్ఞాపకాన్ని కూడా తూకం వేశాడు.
ఇరవై రెండేళ్లుగా ట్రాలీబస్సు నడిపేదాన్ని,
నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే:
ఇది ఎంత కరెంటు తాగుతుంది?
మా కొండవాలు వీధిలో ఏడింటికి
హీటర్లన్నీ ఒక్కసారి మేలుకుంటాయి,
బల్బు మాగిన నారింజలా అయిపోతుంది.

అప్పుడతను నవ్వు మాని, కాగితం మీద కూడికలు వేసి,
"ముందు ఏం ఆడుతుందో చూసి రండక్కా" అన్నాడు.
అమ్మేవాడే కొనొద్దని పంపిస్తే
ఎవరికైనా కాస్త నమ్మకం కుదురుతుంది.

గంటకింతని అద్దెకిచ్చే ఆ నేలమాళిగ నాకు కొత్త కాదు.
కోటు కాలరు పట్టుకుని ఎన్నిసార్లు లాక్కొచ్చానో
ఆ మెట్లకే తెలుసు.
నన్ను చూడగానే అనుజిన్
చెవుల డిప్పలు దించి, మెడ ముడుచుకుంది.
నేను గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి
పక్క సీట్లో కూర్చున్నాను.

ఆ గంటలో పదకొండుసార్లు చచ్చాను.
గోడ దూకబోయి ఒకసారి,
తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక ఒకసారి,
సిగ్గుచేటు, మా జట్టువాణ్ణే కాల్చి
వాడి తిట్లు వింటూ నిలబడి ఇంకోసారి.
"వెనక చూడమ్మా! బస్సులో అద్దాలుండవా నీకు?"

ఆడటం ఆపి దాన్ని చూశాను.
గడ్డకట్టిన రోడ్డు మీద స్టీరింగుతో నేను మాట్లాడినట్టు
మీటలతో మాట్లాడుతున్నాయి దాని వేళ్లు.
ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు అసలు తొక్కకూడదో
దీనికెవరు నేర్పారు?
ఇంట్లో ఉప్పందించమన్నా వినబడని గొంతు
ఇక్కడ నలుగురికి దారి చెబుతోంది.
దర్ఖాన్‌లో ఎవడో కుర్రాడు
సరే సరే అంటూ వింటున్నాడు.

అంతలో తెర బిగుసుకుంది, ఒక్క రెప్పపాటు.
మా అమ్మాయి చచ్చింది.
"నా తప్పు కాదు. మిషనే తడబడింది."

ఈ మాటే నేను డిపో మేనేజరుతో
ఎన్ని చలికాలాలు అన్నాను.
నమ్మినవాడు లేడు.

సోమవారం గన్‌సుఖ్‌తో చెప్పాను.
తడబడనిది కావాలి.
గాజు వద్దు, రంగుల దీపాలు వద్దు.
కార్డు ఒకరు వాడినదైనా సరే,
కరెంటు పెట్టె మాత్రం కొత్తది, దిట్టమైనది,
వోల్టేజీ జారితే పట్టుకునేది ఇంకొకటి.
పంకా గొణగకూడదు,
మా చిన్నాడు పొయ్యి పక్కనే పడుకుంటాడు.
ఇంత చెప్పి, నోట్లు లెక్కపెడితే తక్కువొచ్చాయి.
"జీతాల రోజున ఇవ్వండి" అని
మౌసు కింద పరిచే గుడ్డ కూడా డబ్బాలో పడేశాడు.

ఇంకొకరు నడిపే బస్సులో
డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.
గతుకు గతుక్కీ ఆ డ్రైవర్ని తిట్టుకున్నాను.

"చలిలోంచి తీసుకెళ్తున్నారు, లోపల చెమ్మ పడుతుంది,
తెల్లారేదాకా మీట నొక్కకండి."
గన్‌సుఖ్ మరీ మరీ చెప్పిన మాట
అనుజిన్‌కి అప్పగించి పడుకున్నాను.

మూడింటికి బొగ్గు వేద్దామని లేస్తే
అది నిద్రపోలేదు.
దుప్పటి కప్పుకుని పక్కనే కూర్చుని
డబ్బా నుదుటి మీద చెయ్యి పెట్టి ఉంది,
జ్వరం చూసినట్టు.
"ఇంకా చల్లగానే ఉందమ్మా."